రెండో టిక్కు

మేడ్చల్‌లో బండ్ల కరెంటు పని చేసే షఫీయుద్దీన్ షాపులో ఒక చట్టం ఉంది. బండి పరీక్షకు పెట్టినప్పుడు ఎవడూ నోరు తెరవకూడదు. ఎంత పెద్ద మనిషైనా సరే, ఎదురుగా చాయ్ కొట్టు గౌరయ్యైనా సరే. ఫ్యాను బంద్, రేడియో బంద్, ఫోన్లు జేబుల్లో. అప్పుడాయన స్క్రూడ్రైవర్ మొనను ఇంజను వెనకున్న చిన్న నల్ల డబ్బా మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి కళ్లు మూసుకుంటాడు. ఇంజను కాస్త వేగం అందుకోగానే ఆ డబ్బాలో టిక్కుమంటుంది. ఇంజను ఆపగానే మళ్లీ టిక్కుమంటుంది. రెండూ పడితే బండి ఇంటికి పోవచ్చు. పడకపోతే ఆ బండి ఎవరిదైనా సరే అక్కడే ఉండాలి.

ఆ డబ్బాను కటౌట్ అంటారు. కటౌటంటే సినిమా హాలు ముందు పూలదండ వేసుకుని నిలబడేది కాదు. పాత కార్లలో ఇంజను తిరుగుతున్నంతసేపు డైనమో కరెంటు పుట్టించి బ్యాటరీ నింపుతుంది. ఇంజను ఆగాక ఆ నింపిందంతా మళ్లీ వెనక్కి డైనమోలోకి కారిపోకూడదు. మధ్యలో తలుపు లాగా తెరుచుకుని మూసుకునేదే ఈ కటౌట్. తెరిచినప్పుడొక టిక్కు, మూసినప్పుడొక టిక్కు. ఇంతే సంగతి, దీనికి పెద్ద చదువులేం అక్కర్లేదు.

"మీటర్ అబద్ధమాడుతది సాబ్, లైటు ఇంకా పెద్ద అబద్ధమాడుతది. చెవి అబద్ధమాడదు" అనేది షఫీయుద్దీన్ మాట. పన్నెండో ఏట పానా పట్టిన మనిషి, ఇప్పుడు డెబ్బై. మేడ్చల్ నుంచి గండిమైసమ్మ దాకా పాత కారున్న ప్రతి ఇంటికీ ఆయన తెలుసు. కొడుకు ఇర్షాద్ గండిమైసమ్మ చౌరస్తాలో కార్ల ఏసీ షాపు పెట్టుకున్నాడు. వాడు ఈద్‌కు కొనిచ్చిన, కరెంటు చూసే మంచి మీటరు ప్లాస్టిక్ కాగితం కూడా విప్పకుండా అల్మారా మీద పడి ఉంది.

షాపు వెనకే ఇల్లు. మధ్యలో రేకుల వరండా. అందులో పీట వేసుకుని ఆయన భార్య జమీలా కూర్చుంటుంది. డైనమో లోపల తిరిగే ఆర్మేచర్‌కు రాగి తీగ చుట్టడం ఆమె పని. శామీర్‌పేట జామతోటల్లో పెరిగిన పిల్ల, పెళ్లయి వచ్చేదాకా కరెంటు తీగ ముట్టుకుంటే చస్తామని తప్ప ఇంకేం తెలియదు. అత్తగారు చెయ్యి పట్టి నేర్పింది. ఇప్పటికి నలభై నాలుగేళ్లు. నోటితో చుట్లు లెక్కపెడుతూనే ఒక చెవి షాపులో వేసి ఉంచుతుంది. ఏ బండికి ఏ జబ్బో భర్త నోరు తెరవకముందే ఆమెకు తెలిసిపోతుంది. తెలిసినా ఒక్కనాడూ గడప దాటి మాట్లాడలేదు. ఇంటి ఆడది గిరాకీ ముందు బండి సంగతి మాట్లాడటం ఆ ఇంట్లో లేదు. అత్తగారూ అట్లాగే బతికింది, ఆమె కంటే ముందున్న అత్తగారూ అట్లాగే బతికింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మూడేళ్ల కింద ఒక పొద్దున షఫీయుద్దీన్ చాయ్ తాగుతున్నాడు. చేతికి జానెడు దూరంలో ఫోను మోగుతోంది. ఆరుసార్లు మోగింది. ఆయన నిమ్మళంగా చాయ్ ఊదుకుంటున్నాడు. జమీలా తీగ చుట్టడం ఆపేసింది. ఆ వారమంతా కనిపెట్టి చూసింది. లారీ వినపడుతుంది, మసీదు మైకు వినపడుతుంది. పోయినవి సన్న చప్పుళ్లు. తలుపు దగ్గరి పిట్టకూత బెల్లు, సైకిలు గంట, ఆమె గాజులు.

చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ చెవుల మీద బతికిన మనిషికి నీ చెవులు పోయాయని ఏ నోటితో చెబుతుంది? ప్రాణం ఒప్పలేదు. అప్పుడు ఆమె చేసిన పని వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆయనను వదిలేసి బజారునంతా మార్చింది! పిట్ట బెల్లు ఖరాబైందని తీయించి బొంగురు గొంతుది పెట్టించింది. ఫోనులో ఇర్షాద్ చేత ఢోలు చప్పుడు పెట్టించింది. "అబ్బాతోని మొఖం జూసి మాట్లాడు, గట్టిగ మాట్లాడు, మళ్ల జెప్పుమంటే నవ్వకు" అని కొడుక్కి చెప్పింది. చాయ్ కొట్టు గౌరయ్యకు చెప్పింది, కిరాణా షాపు ఇస్తారికి చెప్పింది. రోడ్డు మీద నడిచేటప్పుడు లారీలు వచ్చే వైపు తను నడవడం మొదలుపెట్టింది. చివరికేమైంది? షఫీయుద్దీన్ చెవులు సన్నగిల్లిన సంగతి ఆ బజారులో తెలియనివాడు ఒక్క షఫీయుద్దీన్ మాత్రమే.

పని మాత్రం నడిచిపోయింది. ఈ కాలం బండ్లలో డైనమోలూ లేవు, కటౌట్లూ లేవు. ట్రాక్టర్లు, ఆటోలు, ట్రాలీలు వస్తాయి. వాటిలో తీగ కాలితే వాసనే చెబుతుంది. టిక్కు వినాల్సిన బండి ఏడాదికి ఒకటి వస్తే గొప్ప. ఆ ఒకటీ ఈ ఆషాఢంలో వచ్చింది.

అది యాప్రాల్‌లో ఉండే జోగారావుది. కాకినాడ మనిషి, బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. అరవై రెండు మోడల్ చిలకపచ్చ కారు, ముందు తలుపులు వెనక్కి తెరుచుకుంటాయి. ముప్పై ఏళ్లుగా దాని కరెంటు పనంతా షఫీయుద్దీన్‌దే. ఇంకొకడు బల్బు మార్చినా ఆయనకు కోపమొస్తుంది. ఈ మధ్య జోగారావు పక్క సీట్లోకి మారాడు, ఆయన భార్య శేషారత్నం నడుపుతోంది.

రాత్రి చక్కగా ఇంటికొచ్చిన కారు పొద్దున్నే లేవట్లేదు, బ్యాటరీ చచ్చి ఉంటోంది, ఇదీ జబ్బు. మొదటిసారి వచ్చినప్పుడు షఫీయుద్దీన్ డైనమో విప్పి, బ్రష్షులు మార్చి, బ్యాటరీ నింపి పరీక్షకు పెట్టాడు. ఆ రోజు జమీలా తమ్ముడి కూతురి మంగ్నీకి, అదే నిశ్చితార్థానికి, శామీర్‌పేట పోయింది. "రెండు టిక్కులు పడ్డయ్ సార్, ఇగ ఫికర్ లేదు" అని పంపించాడు. నాలుగు రోజులకు మళ్లీ చచ్చింది.

రెండోసారి వైరింగు మీద పడ్డాడు. బట్ట చుట్టిన పాత తీగలను ఎలుక ఒకచోట కొరికి ఉంది. దొరికిందిరా దొంగ అనుకుని, మూడు రోజులు కూర్చుని ముందు దీపాల నుంచి వెనక దీపాల దాకా కొత్త తీగలు లాగాడు. ఆయన చేతిపని చూడాలంటే అప్పుడు చూడాలి, ఒక్క అతుకు బయటికి కనపడితే ఒట్టు. పరీక్ష రోజున జమీలా వరండాలోనే ఉంది. మొదటి టిక్కు విన్నది. ఇంజను ఆగింది. రెండోదాని కోసం చెవి పెట్టింది. సరిగ్గా అప్పుడే ఇటుకల లారీ ఒకటి ధడధడా పోయింది. "పడ్డది" అన్నాడు షఫీయుద్దీన్. లారీ మింగి ఉంటుందిలే అనుకుంది జమీలా. అనుకుందో, అనుకోవాలని అనుకుందో ఆమెకే తెలియాలి. అప్పుడు ఒక్క మాట అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

అయిదో రోజున శేషారత్నం శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర కారాపి మొక్కజొన్న కంకులు కొనుక్కుని వచ్చేసరికి కారు కదల్లేదు. ముసురులో గంటన్నర నిలబడ్డారు ఆలుమగలిద్దరూ. ట్రాలీకి తాడు కట్టి మేడ్చల్ దాకా ఈడ్చుకొచ్చారు.

జోగారావు కోప్పడినా బాగుండేది. ఆయన కోప్పడలేదు. "మీ తప్పేం లేదండీ షఫీ భాయ్. దానికీ వయసైంది, మనకీ వయసైంది. శామీర్‌పేటలో రిసార్టు వాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. గేటు దగ్గర సిమెంటు దిమ్మ కట్టి దాని మీద పెడతారట, వచ్చినవాళ్ళు ఫొటోలు దిగడానికి. ఇచ్చేద్దామనుకుంటున్నాం. ఇంక దాన్ని కష్టపెట్టొద్దు, మిమ్మల్నీ కష్టపెట్టొద్దు" అన్నాడు, ఆయన ముఖంలోకి చూస్తూ, గట్టిగా.

షఫీయుద్దీన్ కారు బానెట్ మీద చెయ్యి వేశాడు. "ఒక్క దినం ఇయ్యుండ్రి సార్. రేపు పొద్దుగాల రాండ్రి. ఒక్కటే దినం" అన్నాడు.

ఆ సాయంత్రమంతా కారు చుట్టూ తిరిగాడు. ఏ తీగ పట్టుకున్నా సరిగ్గానే ఉంది. ఏ మర విప్పినా సరిగ్గానే ఉంది. మగ్రిబ్ నమాజు అయ్యాక రొట్టె ముందు కూర్చుని తుంచను కూడా తుంచలేదు.

"జమీలా, హునర్ పోయింది" అన్నాడు.

"ఏం మాటలవి!"

"పోయింది. పనితనం చేతులకెంచి పోయింది. ఎప్పుడు పోయిందో గూడ ఎరుకలేదు. అన్ని సక్కగనే ఉన్నయ్. రెండు టిక్కులు పడ్తున్నయ్. అయినా బండి సస్తాంది. తప్పు యాడున్నదో తెల్వనోడు పనోడెట్లయితడు? రేపు దొర్కకపోతే షట్టర్ దించేస్త. తాళంచెవి ఇర్షాద్‌కు ఇస్త. ఇగ మస్జిద్, ఇల్లు. గంతే."

జమీలా తన పళ్లెం పక్కకు జరిపింది. హునర్ ఎక్కడికీ పోలేదు. ఆ చేతులు అట్లాగే ఉన్నాయి. పోయినవి చెవులు. ఆ సంగతి ఆయన దాకా రాకుండా మూడేళ్లు కాపలా కాసింది తనే. ముందే తెలిసి ఉంటే నాలుగు రోజులు బాధపడి, అయిదో రోజున ఆ మీటరు కాగితం చింపేవాడు. తెలియదు కనక తన పనితనమే చచ్చిపోయిందనుకుంటున్నాడు. మేలు చేయబోతే కీడు ఎదురైంది. షట్టరు దించిన షఫీయుద్దీన్ ఎట్లా ఉంటాడో ఆమె తలుచుకోలేకపోయింది. చెబుదామని నోరు తెరిచింది.

"ఏంది?" అన్నాడు ఆయన.

"ఇంకో రొట్టె పెట్టాల్నా?" అంది.

మొదటి రొట్టె ఇంకా పళ్లెంలోనే ఉంది.

పొద్దున తొమ్మిదికల్లా జోగారావు, శేషారత్నం ఆటోలో వచ్చారు. శేషారత్నం ముందు దిగి మొగుడి చెయ్యి పట్టుకుంది. "మెట్టండీ మెట్టు. ఎడం కాలు పెట్టండి. అబ్బ, అది ఎడం కాలా?" అని బజారంతా వినపడేట్టు కసురుతోంది. జోగారావు నవ్వుతూ దిగాడు. షఫీయుద్దీన్ కారు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, తల మాత్రం వంచాడు.

జమీలా వరండాలో శేషారత్నానికి కుర్చీ వేసి చాయ్ ఇచ్చింది.

"ఈయనకి పక్కచూపు పోయిందమ్మా" అంది శేషారత్నం చాయ్ ఊదుకుంటూ. "ఎదురుగా ఏనుగొస్తే కనపడుతుంది, పక్కనుంచి ఎలకొస్తే కనపడదు. అందుకే స్టీరింగు లాక్కున్నాను. నా డ్రైవింగుకి ఈయన దణ్ణాలు పెట్టుకుంటూ కూర్చుంటారనుకో."

జమీలా బిత్తరపోయింది. మొగుడి లోపం ఇట్లా చాటింపు వేస్తారా! "అట్ల అందరి ముంగట అంటే సార్‌కు బాధ గాదా అమ్మా?" అంది మెల్లగా.

"బాధెందుకూ? కనపడని సంగతి నేను చెప్పకపోతే గోడ చెబుతుంది. గోడ కంటే నేను నయం కదా" అంది శేషారత్నం, ఇందులో ఆలోచించేదేముందన్నట్టు.

జమీలా ఆ మాట పట్టుకుని కూర్చుంది. చాయ్ గ్లాసు ఆమె చేతిలో చల్లారిపోయింది.

అంతలో షాపులోంచి పిలుపు వచ్చింది. పరీక్షకు శేషారత్నం స్టీరింగు ముందు కూర్చోవాలి. ఫ్యాను ఆగింది. గౌరయ్య పొయ్యి తగ్గించాడు. షఫీయుద్దీన్ స్క్రూడ్రైవర్ పిడిని చెవి వెనక ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. ఇంజను లేచింది. ఆయన చెయ్యి ఊపగానే శేషారత్నం వేగం పెంచింది. టిక్కు పడింది. వరండాలో జమీలా విన్నది. షఫీయుద్దీన్ తల ఊపాడు, ఒక లిప్త ఆలస్యంగా. యాభై ఎనిమిదేళ్లు విన్న చెవి అది, వినపడకపోయినా వినపడినట్టే ఉంటుంది. కాసేపు ఇంజను వేడెక్కనిచ్చి ఆపమన్నాడు. ఆగింది.

ఏమీ పడలేదు. ఆ పొద్దున లారీ లేదు, గాలి లేదు. గౌరయ్య పొయ్యి మీద పాలు పొంగే చప్పుడు కూడా వినపడేంత నిశ్శబ్దం. అందులో జమీలా ఊపిరి బిగబట్టి చూసింది. పడలేదు.

"పడ్డది" అన్నాడు షఫీయుద్దీన్. "రెండోది గూడ పడ్డది. మరి ఏంది ఇది, ఏంది?" స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు. గుడ్డతో చేతులు తుడుచుకుని, జోగారావు ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు. "తీస్కపోండ్రి సార్. రిసార్టోళ్లకు ఇయ్యుండ్రి. నా చేతులల్ల ఇగ ఏం లేదు. మాఫ్ జెయ్యుండ్రి."

నలభై నాలుగేళ్ల కాపురంలో ఆయన ఎవరికీ చేతులు జోడించగా జమీలా చూడలేదు. ఇక ఆగలేకపోయింది. గడప దాటింది.

"పడలే!" అంది.

"ఏంది?"

ఆయన ముఖానికి ఎదురుగా వచ్చి నిలబడింది. "రెండోది పడలే. మొదటిది పడ్డది, రెండోది పడలే. మీకు రెండు గూడ ఇనబడలే!"

"ఎవరికి? షఫీయుద్దీన్‌కు ఇనబడలేదా?" అన్నాడు ఆయన.

"మూడేండ్ల సంది ఇనబడ్తలేదు. సన్న సప్పుడు ఏదీ ఇనబడ్తలేదు. పిట్ట బెల్లు ఖరాబ్ గాలే, మీకు ఇనబడ్తలేదనే తీయించిన. ఫోన్ల ఢోలు అందుకే పెట్టించిన. నేనే దాచిన. మీ మనసు నొస్తదని అందరి నోర్లు నేనే మూయించిన."

షఫీయుద్దీన్ ఆమె వంక చూశాడు. తర్వాత బజారు వంక చూశాడు.

"ఎవరెవరికి ఎరుక?"

"అందరికి."

"ఇర్షాద్‌కు?"

"ఎరుకే."

"గా గౌరయ్యకు గూడనా?"

గౌరయ్య తేలు కుట్టిన దొంగలా పాలగిన్నెలోకి తొంగి చూస్తున్నాడు. జోగారావు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"సార్, మీకు?"

"పోయిన సంక్రాంతప్పుడు మీ ఆవిడ చెప్పారండీ... ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడమని" అని నసిగాడు జోగారావు.

"అందుకేనా!" అన్నాడు షఫీయుద్దీన్. "అందుకేనా అందరు నాతోని గొర్లను అదిలించినట్టు ఒర్లేది! నేనేమో మేడ్చల్‌ల మర్యాద మొత్తం పోయింది అనుకుంట కూసున్న."

కారులోంచి శేషారత్నం ఫక్కుమంది. జమీలాకు నవ్వు రాలేదు, కళ్ల నీళ్లు జారిపోతున్నాయి. "తప్పు నాది. తిట్టాలంటే నన్ను తిట్టుండ్రి. మీ చేతులకు ఏం గాలే. హునర్ యాడికి పోలే. గీ బజార్ల మీ అసుంటి పని ఇప్పటికి ఎవరూ చెయ్యరు. చెవులు పోతే పోయినయ్. చెవుల కోసం షట్టర్ దించుతరా?"

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు, తీశాడు. తిడతాడనుకుంది, లేచి ఇంట్లోకి వెళ్లిపోతాడనుకుంది. మూడేళ్లు అందరూ కలిసి ఆడించారంటే ఎవరికి మాత్రం కడుపు మండదు? ఆయన దవడ బిగుసుకోవడం ఆమెకు కనపడుతూనే ఉంది. తర్వాత ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఊరి నుంచి తిరిగొచ్చిన పిల్లలను చూసుకున్నట్టు. మెల్లగా దవడ సడలింది. పెద్దగా ఊపిరి వదిలాడు.

"పనోన్నే అయితే" అన్నాడు తనలో తను. లేచి బల్ల మీది స్క్రూడ్రైవర్ తీసి జమీలా చేతికిచ్చాడు. "పట్టు. చెవికి గాదు, ఎముకకు ఆనించు."

"ఎరుకే" అంది జమీలా ముక్కు తుడుచుకుంటూ. "నలభై నాలుగేండ్ల సంది జూస్తున్న."

కొంగు తల మీదికి లాక్కుని కారు ముందుకు వంగింది. షాపులో ఆమె నిలబడటం అదే మొదటిసారి. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు, చూడనీ అనుకుంది. శేషారత్నం ఇంజను లేపింది. "ఈసారి మొదటిది గూడ పడలే" అంది జమీలా. ఇంజను ఆగింది. జమీలా తల అడ్డంగా ఊపింది.

షఫీయుద్దీన్ రెండు మరలు విప్పి నల్ల డబ్బా మూత తీశాడు. లోపల చిటికెన గోరంత రాగి నాలుక కింది బిళ్లకు అతుక్కుని ఉంది. ఇంజను వేడికి అతుక్కున్నది విడిపోలేదు. తలుపు తెరిచే ఉంది, బ్యాటరీ అంతా వెనక్కి కారిపోతోంది. ఆయన గోటితో మీటాడు. చిన్న నిప్పురవ్వ లేచి నాలుక బిళ్లను వదిలింది, టిక్కుమంది.

"ఇప్పుడు పడ్డది" అంది జమీలా.

"గిదా!" అన్నాడు ఆయన. "ఒరేయ్ హరామీ, గిదా నువ్వు జేసేది! ఒకపారి అతుక్కుంటవు, ఒకపారి ఇడిపోతవు. తాడు గట్టి ఈడ్చుకొచ్చే కుదుపులకు ఊడిపోతవు, నా కాడికొచ్చి సాధువు లెక్క కూసుంటవు!" వారం రోజులుగా ఆయన నోట తిట్టు వినలేదు బజారు. గౌరయ్య ముఖం వికసించింది.

ఇక ఆ చేతులను చూడాలి. బ్యాటరీ తీగ తీశాడు. సన్నటి ఉప్పుకాగితం ముక్కను మడిచి రాగి బిళ్లల మధ్య పెట్టి, పసిపిల్ల నోరు తుడిచినంత మెల్లగా రుద్దాడు. నల్లబడ్డ చోటు మెరిసింది. స్ప్రింగు కొక్కేన్ని కొన గోటితో వెంట్రుకవాసి వంచాడు. ఒక్కసారి కూడా చెయ్యి వణకలేదు. తీగ మళ్లీ బిగించి శేషారత్నానికి చెయ్యూపాడు.

పదిసార్లు ఇంజను లేపారు, పదిసార్లు ఆపారు, వేడెక్కనిచ్చి ఇంకో పదిసార్లు. ప్రతిసారీ ఆయన ఇంజను వంక కాదు, జమీలా ముఖం వంక చూశాడు. ప్రతిసారీ ఆమె రెండు వేళ్లు చూపించింది.

"మరి రిసార్టు వాళ్ళకేం చెప్పను?" అన్నాడు జోగారావు.

"దిమ్మ ఖాళీగా ఉంటే మిమ్మల్ని నిలబెట్టుకోమనండి, నేను ఫొటో తీసి పెడతాను" అంది శేషారత్నం. ఆయనను పక్క సీట్లో కూలేసి, తలుపు ధడాల్న మూసి, హారను కొట్టి, ఎదురుగా వస్తున్న ఆటోవాడు బెదిరి పక్కకు తప్పుకునేట్టు కారు రోడ్డెక్కించింది. చిలకపచ్చ కారు యాప్రాల్ వైపు పోయింది.

ఇంతలో ట్రాక్టరు హెడ్‌లైటు పట్టుకుని నరసింహ అనే రైతు వచ్చి ఏదో అడగబోయాడు. షఫీయుద్దీన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకు సన్నగ ఇనబడదు. ఏమున్నా గట్టిగ జెప్పు, లేకపోతే మా ఆమెకు జెప్పు. ఆమె చెవులు మంచిగున్నయ్" అన్నాడు బజారంతా వినపడేట్టు. అన్నాక ఆయనకే తేలికగా అనిపించినట్టుంది, స్టూలు జరిపి పక్కన ఇంకో స్టూలు వేశాడు. హెడ్‌లైటు రేపటికి చేసిస్తానని రైతును పంపించి, జమీలాను దాని మీద కూర్చోమన్నాడు. వరండాలో కాదు, షాపులో, రోడ్డుకు ఎదురుగా.

గౌరయ్య అడగకుండానే రెండు చాయ్‌లు తెచ్చిపెట్టాడు. ఇద్దరూ ఊదుకుంటూ తాగారు.

"జమీలా."

"ఊఁ?"

"ఈ మూడేండ్లల్ల నాతోని మెల్లగ ఏమన్న జెప్పినవా? నాకు ఇనబడంది?"

జమీలా చేతిలో గ్లాసు ఆగిపోయింది. పని మాటలన్నీ ఆయనతో గట్టిగానే చెప్పింది. అన్నం, మందులు, కరెంటు బిల్లు, ఇర్షాద్ ఫోను, దేన్నీ వదల్లేదు. గట్టిగా చెప్పలేని మాటలు మాత్రం పాత అలవాటు కొద్దీ మెల్లగానే వచ్చేవి. ఆయన చేతులకు ఆముదం రాసేటప్పుడు, ఈద్‌నాడు లాల్చీ బొత్తాలు పెట్టేటప్పుడు, ఆయన పక్కకు తిరిగి పడుకున్నప్పుడు. బదులు రాకపోతే మనిషి తీరే అంత అనుకుని ఊరుకునేది. ఊరందరికీ గట్టిగా మాట్లాడమని చెప్పిన మనిషి, ఆ మాటల దగ్గర మాత్రం తనే మరిచిపోయింది. మూడేళ్ల మాటలు గోడకు చెప్పినట్టే అయ్యాయా అనుకుంటే ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది.

"జెప్పిన" అంది. "శాన జెప్పిన."

"ఒకటి జెప్పు."

"ఇప్పుడా? బజార్లనా? సిగ్గు లేదా మీకు!"

"ఇప్పుడే. ఒకటి."

జమీలా అటూ ఇటూ చూసింది. గౌరయ్య గ్లాసులు కడుగుతున్నట్టు నటిస్తున్నాడు. కొంగు మూతి దాకా లాక్కుని, కాస్త వంగి అంది. "సచ్చినంక జన్నత్‌ల గూడ మీ షాపు ఎన్కనే ఇల్లు ఇయ్యమని అల్లాను అడిగిన."

"ఏంది?" అన్నాడు షఫీయుద్దీన్, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"జన్నత్‌ల గూడ!" అని అరిచింది జమీలా. "మీ షాపు ఎన్కనే! ఇల్లు ఇయ్యమని! అల్లాను అడిగిన!"

గౌరయ్య చేతిలోంచి గ్లాసు జారింది. సైకిలు మీద పోతున్న ఇస్తారి కాలు కింద పెట్టి ఆగిపోయాడు. రోడ్డవతల బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు మూతులకు కొంగులడ్డం పెట్టుకున్నారు.

"ఇంకోపారి" అన్నాడు షఫీయుద్దీన్.

ఆయనకు వినపడింది. తెల్లమీసాల కింద నవ్వు దాగటం లేదు, కళ్ల నిండా నీళ్లున్నాయి. ఆ సంగతి జమీలాకూ కనపడుతూనే ఉంది. అయినా ఆమె గొంతు సవరించుకుని, మూతి మీది కొంగు తీసేసి, ఈసారి ఇంకాస్త గట్టిగా చెప్పింది.